ప్రవాసమునందలి కటలాను భాషాగృహములు

స్పెయిను దేశపు టీశాన్యభాగమునఁ గటలోనియా యను సీమ గలదు. అచ్చటివారి భాష కటలాను. ఇది లాటినునుండి పుట్టిన భాషలలో నొకటి. స్పానిషునకు సోదరియే కాని దాని మాండలికము గాదు. వలెన్సియాయందును, బలియారిక్ ద్వీపములందును, ఫ్రాన్సు దక్షిణమున రూసిల్యోను సీమయందును, సార్డీనియా ద్వీపమందలి అల్గేరో పట్టణమునందును నీ భాష వినవచ్చును. కాని స్వతంత్రరాజ్యములలో మిక్కిలి చిన్నదియగు నండోరా యొక్కటియే దీనిని దేశమంతటికి నధికారభాషగాఁ గైకొన్నది. రాజ్యబల మింత కొఱఁతయైన భాష సముద్రములకావల నెట్లు నిలిచెనో విచారింపఁదగియున్నది.

జీవనార్థము దేశము విడిచిన కటలానులు తాము చేరిన పట్టణములందు సంఘములు గట్టుకొనిరి. వీనిలోఁ బెక్కింటికి 'కజాల్' అని పేరు. ఇల్లను నర్థముగల శబ్దమునకు సంబంధించిన యీ పదమునకుఁ బెద్దయిల్లని భావము. బ్యూనస్ ఐర్స్ నగరమున 1886లోను, మెక్సికోనగరమున 1906లోను నిట్టి సంఘములు వెలసెను. రెండవది పేరునుబట్టి గాయకసంఘము. సభ్యులే చందాలిచ్చి, వేతనమపేక్షింపక, పాటకచేరులు, నాటకములు, భాషాబోధనము నడపుచుండిరి. బ్యూనస్ ఐర్స్‌నుండి 'రెసుర్జిమెన్' అను కటలాను పత్రిక 1916 మొదలు 1972 వఱకు వెలువడెను.

1939లో నంతర్యుద్ధము ముగిసి ఫ్రాంకో నియంతృత్వము నెలకొనఁగానే కటలాను పాఠశాలలనుండియు నధికారస్థానములనుండియు వెడలఁగొట్టఁబడెను. ముద్రణమునకుఁ గఠోరనిర్బంధములు గలిగెను. లక్షలకొలఁది శరణార్థులతోఁ గలసి పెక్కురు కవులును పండితులును ఫ్రాన్సు సరిహద్దు దాఁటిరి. అంతవఱకు బంధుసమాగమములకు నెలవైన యిండ్లే యప్పుడు సాహిత్యసభామందిరములైనవి.

ఆ సభలలో ముఖ్యమైనవి 'పుష్పక్రీడలు'. ఇవి 1323లోఁ దులూజు పట్టణమునఁ బ్రారంభమైన కవితాస్పర్ధల సంప్రదాయమునకుఁ జెందినవి. బార్సిలోనాలో 1393లో నెలకొని, కాలక్రమమున లుప్తమై, 1859లోఁ బునరుద్ధరింపఁబడెను. ప్రేమకవితకు సహజపుష్పమును, దేశభక్తికవితకు బంగారపు టడవిగులాబియు, ధర్మకవితకు వెండిబంగారముల వయొలెట్టును బహుమానములు. ఇట్టి బహుమానములు మూఁడు గెలిచినవారికి 'ఆనందవిద్యాచార్య' అని యర్థమిచ్చు బిరుద మొసఁగుదురు. బార్సిలోనాలో బహిరంగముగ జరుపుట యసాధ్యము కాఁగా, ప్రవాసులు 1941లో బ్యూనస్ ఐర్స్ నగరమున వీనిని నెలకొల్పిరి. అప్పటినుండి యేఁటేఁట నొక్కొక్క నగరమున జరుగుచు వచ్చెను. ప్రవాసమునందున్న మెర్సే రొడొరేడా యను రచయిత్రి 1947లో లండనుసభయందు సహజపుష్పమును గెలుచుకొని, 1949లో మాంటివిడియో సభయందుఁ బైబిరుదము వడసెను. 1962లోఁ బ్రకటితమైన 'లా ప్లాసా దెల్ దియామాన్' అను నామె నవల కటలాను సాహిత్యమునఁ బ్రఖ్యాతము.

ఇట్లు ఖండాంతరములఁ జెదరినవారి రచనలు నొక్క సభలోఁ బరీక్షింపఁబడుటకు వ్రాఁతలో నేకరూపత యావశ్యకము గదా! అది ముందే సిద్ధమైయుండెను. 1907లో స్థాపితమైన కటలాను విద్యాపరిషత్తు 1913లో వర్ణక్రమనియమములను వెలువరించెను. వానికిఁ బ్రధానకర్తయగు పొంపేవు ఫాబ్రా 1918లో వ్యాకరణమును, 1932లో నిఘంటువును బ్రకటించెను. ఆ పండితుఁడు తానును శరణార్థియై 1948లోఁ బ్రాద్ పట్టణమున మృతినొందెను. అతని నియమములు మాత్రము ప్రవాసులకుఁ బ్రమాణములై నిలిచెను. సంఘములు సభనిచ్చెను, లక్షణగ్రంథములు సభకుఁ దీర్పుచెప్పు శక్తినిచ్చెను. ఒకటి లేనిచో రెండవది వ్యర్థమయ్యెడిది.

అయినను నిల్లు బడికి సాటిరాదు. వారమున కొక్కనాఁడు సంఘమందిరమున విన్న భాష, దినదినము వీథిలోను బడిలోను వినఁబడు స్పానిషునకు నెదురు నిలుచుట దుర్ఘటము. తల్లిదండ్రులకు జన్మభాషయైనది బిడ్డలకుఁ బండుగభాషగా మాఱుట యీ సంఘముల నిత్యభయము.

1975లో ఫ్రాంకో మరణించెను. 1977లో మ్యూనిక్ నగరమునఁ గడపటి ప్రవాసపుష్పక్రీడలు జరిగెను. 1979 నాఁటి శాసనమున కటలోనియాలోఁ గటలానునకు స్పానిషుతోపాటు నధికారభాషాస్థానము లభించెను. 1996లో నచ్చటి శాసనసభ విదేశములందలి కటలాను సంఘములతోడి సంబంధములఁగూర్చి యొక శాసనమును గావించెను. నేఁడును వివిధదేశములలో నిట్టి సంఘములు భాషను బోధించుచు, ఏప్రిల్ 23వ తేదిని పుస్తకములతోను గులాబీలతోను సాన్ జోర్ది పండుగను జరుపుచున్నవి. భాష స్వదేశమున గౌరవముఁ గోల్పోయిన దినములలో దానికి నాశ్రయమిచ్చినవి యీ యిండ్లే. వీనిని నిలిపినది రాజశాసనము గాదు. దినకృత్యము ముగించుకొని సాయంకాలమున వచ్చి దీపము వెలిగించిన సామాన్యజనుల శ్రద్ధ.