రణపాల

రణపాల ఇళ్ళలోను, పెరటి తోటలలోను పెంచే ఒక రసభరితమైన బహువార్షిక మొక్క. ఇది క్రాసులేసి కుటుంబానికి చెందినది. దీని శాస్త్రీయ నామం బ్రయోఫిల్లం పిన్నేటం. కలాంచో పిన్నేటా అనే పేరు కూడా వాడుకలో ఉంది. ఆకు అంచుల నుండి కొత్త మొక్కలు పుట్టడం దీని ప్రత్యేకత. శాకీయ ప్రత్యుత్పత్తికి ఉదాహరణగా పాఠ్యపుస్తకాలలో సాధారణంగా ఈ మొక్కనే చూపిస్తారు.

ఇది అతి తక్కువ శ్రమతో పెరుగుతుంది. రెండు మూడు వారాలు నీరు పోయకపోయినా సాధారణంగా చనిపోదు. కుండీలలో పెంచే రణపాల నీరు చాలక చనిపోవడం అరుదు; నీరు ఎక్కువై చనిపోవడమే తరచుగా జరుగుతుంది. దీనికి కారణం ఆ మొక్క ఆకులు పనిచేసే పద్ధతిలోనే ఉన్నది. ఆ పద్ధతి తెలిసినవారికి దీని పెంపకం చాలా సులభం.

పేరు

బ్రయోఫిల్లం అనే మాట మొలకెత్తడం, ఆకు అనే అర్థాలు గల రెండు గ్రీకు పదాల నుండి ఏర్పడింది. పిన్నేటం అనగా ఈక వలె చీలిన ఆకులు గలది అని అర్థం. సంస్కృతంలో దీనిని పర్ణబీజం అంటారు. ఆకే విత్తనమైన మొక్క అని ఈ పేరుకు అర్థం. తమిళంలో రణకళ్ళి అని, కన్నడంలో కాడుబసలే అని, బెంగాలీలో పాథర్‌కుచి అని వ్యవహరిస్తారు. హిందీలో పత్థర్‌చట్టా అనే పేరు దీనికి ఉన్నప్పటికీ, అదే పేరుతో పిలిచే ఇతర మొక్కలు కూడా ఉన్నాయి. జర్మన్ కవి గోథే ఈ మొక్కను ఎంతో ఇష్టంగా పెంచి దీనిని గురించి ఆలోచించాడు. అందువలన జర్మనీలో దీనికి గోథే మొక్క అనే పేరు వచ్చింది.

పుట్టుక, వ్యాప్తి

రణపాల జన్మస్థలం మడగాస్కర్ దీవి. అక్కడి నుండి మనుషులతోపాటు ఉష్ణమండల దేశాలన్నింటికీ వ్యాపించింది. భారతదేశానికి ఇది వెలుపలి నుండి వచ్చినదే అయినా, ఇప్పుడు అనేక ప్రాంతాలలో తనంతట తానే పెరుగుతున్నది. హవాయి, గాలపాగోస్ దీవులు, ఫ్లోరిడా, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ వంటి చోట్ల ఇది స్థానిక మొక్కలను అణచివేసే కలుపుమొక్కగా పేరు పొందింది. తెగిన ఆకు పడినచోటల్లా మొలవగలగడమే ఇందుకు ముఖ్య కారణం.

లక్షణాలు

* సుమారు ఒక మీటరు, అంతకు కొంచెం ఎక్కువ ఎత్తు వరకు నిటారుగా పెరుగుతుంది.
* కాండం మెత్తగా, రసభరితంగా ఉంటుంది. ముదిరిన కాండం లోపల బోలుగా ఉంటుంది.
* ఆకులు అభిముఖంగా, దళసరిగా ఉంటాయి. లేత మొక్కలలో సరళ పత్రాలు, పెద్ద మొక్కల పైభాగంలో 3 నుండి 5 పత్రకాలు గల సంయుక్త పత్రాలు ఏర్పడతాయి.
* ఆకు అంచులు గుండ్రని నొక్కులతో ఉంటాయి. ఎండ బాగా తగిలితే అంచులు ఎర్రబారుతాయి.
* పూలు కిందికి వేలాడే గంటల వలె ఉంటాయి. రక్షకపత్రాలు కలిసిపోయి, గాలి నింపిన సంచి వలె ఉబ్బి ఉంటాయి. ఎర్రని ఆకర్షణపత్రాలు వాటిలోనుండి బయటికి కనిపిస్తాయి.
* కేసరాలు 8, ఫలదళాలు 4 ఉంటాయి. విత్తనాలు చాలా సన్నవి.
* మన ప్రాంతంలో సాధారణంగా శీతాకాలంలో పూస్తుంది.

రాత్రి పనిచేసే ఆకు

సాధారణ మొక్కలు పగటిపూట పత్రరంధ్రాలను తెరచి గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను గ్రహిస్తాయి. అలా తెరచినపుడు ఆకులోని నీరు ఆవిరై బయటికి పోతుంది. ఎండ ఎక్కువైన కొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. రణపాల ఈ పనిని రాత్రికి మార్చుకున్నది. చల్లని రాత్రివేళ పత్రరంధ్రాలను తెరచి కార్బన్ డై ఆక్సైడ్‌ను గ్రహించి, దానిని మాలిక్ ఆమ్లం రూపంలో కణాలలోని రిక్తికలలో దాచుకుంటుంది. తెల్లవారిన తరువాత పత్రరంధ్రాలను మూసుకుంటుంది. పగలు ఆ ఆమ్లం నుండి కార్బన్ డై ఆక్సైడ్‌ను తిరిగి విడుదల చేసి, సూర్యకాంతి సహాయంతో పిండిపదార్థాన్ని తయారుచేసుకుంటుంది. ఈ పద్ధతిని క్రాసులేసియన్ ఆమ్ల జీవక్రియ అంటారు. రణపాల కుటుంబం పేరు మీదుగానే ఈ పేరు వచ్చింది. కలబంద, నాగజెముడు, అనాస మొక్కలలో కూడా ఇదే పద్ధతి ఉన్నది.

ఈ జీవక్రియ అధ్యయన చరిత్రకు ఆంధ్రదేశంతో సంబంధం ఉన్న ఒక వ్యక్తి పేరు ముడిపడి ఉన్నది. విలియం రాక్స్‌బర్గ్ తరువాత సామర్లకోటలోని ఈస్టిండియా కంపెనీ వృక్షోద్యానం బాధ్యతలు చూసిన బెంజమిన్ హెయిన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు భారతదేశంలో ఈ మొక్క ఆకులను రుచి చూశాడు. అవి ఉదయం బాగా పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కొంచెం చేదుగా ఉండడం గమనించాడు. ఈ విషయాన్ని వివరిస్తూ 1813లో ఎ. బి. లాంబర్ట్‌కు రాసిన ఉత్తరం 1815లో లండన్‌లోని లిన్నియన్ సొసైటీ సంపుటంలో అచ్చయింది. రాత్రి చేరిన ఆమ్లం పగలు ఖర్చవుతుందనే సంగతిని ఆయన నాలుక ముందుగా పసిగట్టింది. దాని వెనుక ఉన్న రసాయన చర్యలు పూర్తిగా తెలియడానికి ఆ తరువాత వంద సంవత్సరాలకు పైగా పట్టింది.

ఇటువంటి మొక్కలు రాత్రిపూట ఆక్సిజన్ విడుదల చేస్తాయనే అభిప్రాయం ప్రచారంలో ఉన్నది. ఇది సరికాదు. ఆక్సిజన్ విడుదలకు వెలుతురు తప్పనిసరి. రణపాల రాత్రివేళ కార్బన్ డై ఆక్సైడ్‌ను గ్రహిస్తుంది కాని, ఆక్సిజన్‌ను ఇవ్వదు. పడకగదిలో ఒకటి రెండు కుండీలు ఉంచినందువలన గది గాలిలో చెప్పుకోదగిన మార్పు రాదు.

పెంపకం

కుండీ, మట్టి: అడుగున రంధ్రం ఉన్న మట్టి కుండీ శ్రేష్ఠం. కుండీ గోడల నుండి కూడా తేమ ఆరిపోతుంది కనుక వేర్లు కుళ్ళవు. తోటమట్టి, ముతక ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపి వాడవచ్చు. నల్లరేగడి మట్టి నీటిని ఎక్కువకాలం పట్టి ఉంచుతుంది కనుక దానిని ఒంటరిగా వాడరాదు. వాడవలసివస్తే ఇసుక పాలు పెంచాలి. రంధ్రంపై ఒక పెంకుముక్కను బోర్లించి ఉంచితే మట్టి కొట్టుకుపోకుండా నీరు దిగిపోతుంది.

వెలుతురు: రోజుకు 4 లేక 5 గంటలు లేత ఎండ తగిలే తూర్పు కిటికీ, వరండా అనువైనవి. వెలుతురు చాలకపోతే కాండం సన్నగా సాగి ఒక పక్కకు వాలిపోతుంది. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నపు ఎండకు ఆకులపై గోధుమరంగు మచ్చలు పడతాయి. అప్పుడు కుండీని నీడపట్టుకు మార్చాలి.

నీరు: రోజులు లెక్కపెట్టి నీరు పోయడం కంటే మట్టిని పరీక్షించి పోయడం మంచిది. వేలిని రెండు అంగుళాల లోతుకు గుచ్చి చూసినపుడు మట్టి పూర్తిగా పొడిగా ఉంటేనే, అడుగు రంధ్రం నుండి కారేవరకు నీరు పోయాలి. వేసవిలో సుమారు 7 నుండి 10 రోజులకు ఒకసారి, శీతాకాలంలో 2 నుండి 3 వారాలకు ఒకసారి ఈ అవసరం వస్తుంది. కుండీ కింది పళ్ళెంలో నీరు నిలువ ఉండరాదు. వర్షాకాలంలో ఎడతెగని ముసురు పట్టినపుడు కుండీని చూరు కిందికి చేర్చాలి.

ఆకు చెప్పే గుర్తులు: ఆకులు పలుచబడి ముడతలు పడితే నీరు కావాలని అర్థం. నీరు పోసిన కొద్ది రోజులలో అవి తిరిగి కోలుకుంటాయి. ఆకులు పసుపురంగుకు మారి, మెత్తబడి, తాకగానే రాలిపోతే నీరు ఎక్కువైనదని అర్థం. కొత్తగా పెంచేవారు ఈ రెండవ స్థితిని వాడిపోవడంగా భావించి ఇంకా నీరు పోస్తారు. మొక్క చనిపోయేది ఇక్కడే. వేర్లు కుళ్ళి నీటిని పీల్చలేక పోవడం వలన తడిమట్టిలో ఉండి కూడా మొక్క వాడుతుంది. అప్పుడు మొక్కను పెకలించి, కుళ్ళిన భాగాన్ని కోసివేసి, గట్టిగా ఉన్న కొమ్మను రెండు మూడు రోజులు నీడలో ఆరనిచ్చి పొడిమట్టిలో నాటాలి. కాండం పూర్తిగా కుళ్ళిపోయినా, ఆరోగ్యంగా ఉన్న ఒక్క ఆకు మిగిలితే చాలు, కొత్త మొక్కను పొందవచ్చు.

ఎరువు, కత్తిరింపు: ఎరువు అవసరం చాలా తక్కువ. వర్షాకాలం ఆరంభంలో పిడికెడు వర్మీకంపోస్టు వేస్తే సరిపోతుంది. ఎరువు ఎక్కువైతే కాండం బలహీనంగా పెరిగి విరుగుతుంది. కొనను తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. పూత ముగిసిన తరువాత పూలకాడను, ఎండిన కొమ్మను కత్తిరించాలి. రెండేళ్ళకు ఒకసారి కుండీ మార్చడం మంచిది.

తెగుళ్ళు: ఆకుల మొదళ్ళలో తెల్లని దూది వలె పిండినల్లి, లేత చిగుళ్ళపై పేనుబంక కనిపిస్తాయి. కొద్దిగా ఉంటే తడిగుడ్డతో తుడిచివేయవచ్చు. ఎక్కువైతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీరు కలిపి ముందుగా ఒక ఆకుపై పరీక్షించి, సాయంకాలం చల్లాలి. గాలి ఆడని చోట బూడిద తెగులు వస్తుంది.

ఆకు నుండి మొక్క

ఆకు అంచులోని ప్రతి నొక్కులోను నిద్రాణస్థితిలో ఉన్న కణజాలం ఉంటుంది. దీని నుండి వచ్చే మొగ్గలను పత్రోపరిస్థిత మొగ్గలు అంటారు. ఆకు మొక్కను అంటిపెట్టుకొని ఉన్నంతకాలం రణపాలలో ఇవి సాధారణంగా మొలకెత్తవు. ఆకు తెగిపడిన తరువాతనే మేల్కొంటాయి. దీని దగ్గరి బంధువైన కలాంచో డైగ్రెమోంటియానాలో మాత్రం ఆకు మొక్కపై ఉండగానే అంచుల వెంట చిన్న మొక్కలు బారులుగా ఏర్పడి రాలిపోతాయి. నర్సరీలలో రెండింటినీ ఒకే పేరుతో అమ్మడం కద్దు.

జాక్ లోబ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ మొక్కపై అనేక ప్రయోగాలు చేసి 1924లో ఒక గ్రంథాన్ని ప్రచురించాడు. ఆకు ఎంత పెద్దదైతే దాని నుండి పుట్టే వేర్లు, మొలకల బరువు అంత ఎక్కువగా ఉంటుందని ఆయన నిరూపించాడు. అనగా తల్లి ఆకులోని నిలువ ఆహారమే పిల్ల మొక్కలకు పెట్టుబడి. అందుచేత మొక్క కావలసినవారు లేత ఆకును కాక, ముదిరిన పెద్ద ఆకును ఎన్నుకోవాలి.

ఆకును ఒకరోజు నీడలో ఆరనిచ్చి, తడి ఇసుకపై వెల్లకిలా పరచి, అంచులు ఇసుకను తాకేటట్లు ఉంచాలి. సుమారు రెండు వారాలలో నొక్కుల నుండి వేర్లు, చిన్న ఆకులు వస్తాయి. రెండు జతల ఆకులు ఏర్పడిన తరువాత వేరుచేసి నాటవచ్చు. ఇసుక లేకుండా దారానికి వేలాడదీసినా, గోడకు గుచ్చినా ఆకు మొలకెత్తుతుంది. పిల్ల మొక్కలు పెరిగిన కొద్దీ తల్లి ఆకు ముడతలు పడి ఎండిపోవడం గమనించవచ్చు.

విద్యార్థులు చేయదగిన మరొక పరిశీలన ఆమ్లానికి సంబంధించినది. ఒకే మొక్క నుండి సూర్యోదయానికి ముందు ఒక ఆకును, సాయంకాలం మరొక ఆకును కోసి, విడివిడిగా నలిపి రసాన్ని పీహెచ్ కాగితంతో పరీక్షిస్తే ఉదయపు రసం ఎక్కువ ఆమ్లత్వం చూపుతుంది. హెయిన్ వలె రుచి చూడడం మాత్రం తగదు. కారణం కింద వివరించబడినది.

వైద్యంలో వాడుక, జాగ్రత్తలు

ఆకును వెచ్చచేసి గాయాలపై, సెగగడ్డలపై, వాపులపై కట్టడం పల్లెలలో చాలాకాలంగా ఉన్న అలవాటు. మూత్రపిండాలలోని రాళ్ళను కరిగిస్తుందనే నమ్మకంతో ఆకులను నమలడం, కషాయం త్రాగడం కూడా ఉన్నది. పాషాణభేదం అనే ఆయుర్వేద నామంతో వేర్వేరు ప్రాంతాలలో వేర్వేరు మొక్కలను వాడడం వలన ఈ విషయంలో గందరగోళం ఎక్కువ. తెలుగునాట ఇదే ప్రయోజనానికి పేరుపొందిన కొండపిండి ఆకు పూర్తిగా వేరొక మొక్క.

చిన్న రాళ్ళు చాలావరకు తగినంత నీరు త్రాగితే తమంతట తామే బయటికి పోతాయి. అప్పుడు ఆ ఫలితం ఆకుదేనని అనిపించడం సహజం. కాని పెద్ద రాయి మూత్రనాళానికి అడ్డుపడినపుడు ఆకులతో కాలయాపన చేస్తే మూత్రపిండం దెబ్బతినవచ్చు. జ్వరం, తీవ్రమైన నొప్పి, మూత్రం ఆగిపోవడం, మూత్రంలో రక్తం వంటి లక్షణాలు ఉంటే ఆలస్యం చేయక వైద్యుని సంప్రదించాలి.

రణపాలలోను, దాని బంధువులలోను బ్యూఫాడైఈనోలైడులు అనే పదార్థాలు ఉంటాయి. ఇవి గుండె కండరంపై, గుండెజబ్బులకు వాడే డిగాక్సిన్ మందును పోలిన ప్రభావం చూపుతాయి. ఆస్ట్రేలియాలో ఈ జాతి మొక్కలను, ముఖ్యంగా పూతకు వచ్చిన వాటిని, మేసి పశువులు చనిపోయిన సంఘటనలు నమోదయ్యాయి. అందువలన:

* పశువులు, మేకలు, కుక్కలు, పిల్లులు మేయడానికి వీలులేని చోట కుండీని ఉంచాలి.
* చిన్నపిల్లలు ఉబ్బిన పూలను చిట్లించి ఆడుకుంటారు. వాటిని నోట పెట్టుకోకుండా చూడాలి.
* గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు దీనిని లోపలికి తీసుకోరాదు. ఇతరులు కూడా వైద్యుని సలహా లేకుండా వాడరాదు.
* కత్తిరించిన కొమ్మలను, ఆకులను ఖాళీస్థలాలలో, కాలువగట్లపై పారవేయరాదు. పూర్తిగా ఎండబెట్టిన తరువాతనే చెత్తలో వేయాలి.
* విదేశాలకు వెళ్ళేవారు ఆకులను సామానులో పెట్టుకొని తీసుకువెళ్ళరాదు. అనేక దేశాలలో మొక్కల క్వారంటైన్ నియమాలు దీనిని అనుమతించవు.

ఇవి కూడా చూడండి

* కలబంద
* కిరణజన్య సంయోగక్రియ
* శాకీయ ప్రత్యుత్పత్తి
* సామర్లకోట