బాంబ్ స్క్వాడ్

ఇది పోలీసు విభాగం కాదు, దక్షిణాఫ్రికా రగ్బీ జట్టు బెంచీకి పడిన పేరు. రగ్బీ యూనియన్‌లో జట్టుకు మైదానంలో 15 మంది, బెంచీ మీద 8 మంది. స్క్రమ్‌లో ప్రత్యర్థిని నెట్టే భారీకాయులు ఫార్వర్డ్‌లు. వెనక ఉండి బంతితో పరుగెత్తేవాళ్లు బ్యాక్‌లు. బెంచీలో ఐదుగురు ఫార్వర్డ్‌లు, ముగ్గురు బ్యాక్‌లు ఉండటం రివాజు.

2019 ప్రపంచకప్‌లో కోచ్ రాసీ ఎరాస్మస్ దాన్ని 6-2 చేశారు. ద్వితీయార్ధంలో, అలసిన ప్రత్యర్థి మీదికి కొత్త బలగం దిగేది. కప్పు వాళ్లదే. 2023లో ఆ జట్టు 7-1 దాకా వెళ్లింది; ఆ ఏటి ప్రపంచకప్ ఫైనల్లో న్యూజిలాండ్‌పై 12-11తో గట్టెక్కింది.

మరి బ్యాక్‌లు ఇద్దరు గాయపడితే? 2025 మార్చిలో డబ్లిన్‌లో 7-1తో దిగిన ఫ్రాన్స్‌కు అదే జరిగింది. బ్యాక్‌లలో డుపాంట్ మోకాలి గాయంతో వెళ్లిపోయాడు, తర్వాత బరాసీ. ఫార్వర్డ్ అయిన ఫ్లాంకర్ ఆస్కార్ జెగూ, బ్యాక్‌లు ఆడే సెంటర్‌ స్థానంలో ఆడాల్సి వచ్చింది. అయినా ఫ్రాన్స్ 42-27తో ఐర్లండ్‌ను ఓడించింది!

అలసినవాళ్లను తాజా భారీకాయులు ఢీకొంటే గాయాల ముప్పు పెరుగుతుందని విమర్శకుల వాదన. కొట్టిపారేయలేం. కానీ ఎనిమిది మందిని ఎలా ఎంచుకోవాలన్నది ప్రస్తుతానికి కోచ్ ఇష్టమే. స్క్రమ్ ముందు వరుస ఆటగాళ్లకు ప్రత్యామ్నాయాలు మాత్రం తప్పనిసరి.