గజ్జలోని మూడు నాడులు



ముప్పదియైదేండ్లు బడిలోఁ దెలుఁగు చెప్పి విరమించిన నేను శరీరమునుగూర్చి మాటాడుట సాహసమే. కాని యీ పాఠమును నాకు నా దేహమే నేర్పినది.

రెండేండ్ల క్రిందట నా గజ్జలో బుడిపె పుట్టెను. దగ్గినపుడు పైకుబికి, పరుండినపుడు లోనికిఁ బోవుచుండెడిది. దీనినే హెర్నియా యందురు. సుశ్రుతుఁడు చెప్పిన యేడు వృద్ధులలో ఆంత్రవృద్ధి యిట్టిదియే. శస్త్రవైద్యుఁడు పొట్టగోడలోని సందుపై వల యమర్చి కుట్టెను. గాయము చక్కఁగా మానెను. కాని మూడు నెలలు గడచినను పంచె ముడి తగిలినచో నిప్పు సోఁకినట్లుండెను. తొడ లోపలివైపు మొద్దువాఱెను. చోటు చెప్పరానిదని సిగ్గుపడి మఱి యైదు నెలలు ఊరకుంటిని. తుదకుఁ జెప్పఁగా వైద్యుఁడు, "పంతులుగారూ, ముందే యేల చెప్పరైతిరి?" అని యడిగెను.

ఆయన వివరించిన దిది. మనము నెత్తురు పాఱు గొట్టమును నరమే యందుము, స్పర్శను మెదడునకుఁ జేర్చు తంతువును నరమే యందుము. ఇవి వేఱు. ఈ రెండవదియే నాడి. గజ్జలో ఇలియోహైపోగ్యాస్ట్రిక్, ఇలియోఇంగ్వైనల్, జెనిటోఫెమొరల్ నాడియొక్క జననశాఖ యను మూడు గలవు. ఇవి నడుము దగ్గఱ వెన్నునుండి బయలుదేఱి పొత్తికడుపు, తొడ మొదలు, వృషణకోశముల చర్మమునకు స్పర్శ నిచ్చును. శస్త్రము నడచు దారియు వీని దారియు నొక్కటే. కావున నాడి తెగవచ్చును, కుట్టులోఁ జిక్కవచ్చును, మచ్చకణజాలములోనో వలలోనో బిగుసుకొనవచ్చును. తెగిన నాడి తఱచుగా మొద్దుదనము నిచ్చును. చిక్కిన నాడి మంటను, పోటును బుట్టించును.

మొద్దుదనము పెక్కురకుఁ గలుగును. అది యంతగా బాధింపదు. మూడు నెలలు దాఁటిన నొప్పి మాత్రము విచారింపఁదగినది. 2018లో వెలువడిన యంతర్జాతీయ మార్గదర్శకములు, లెక్కింపఁదగిన దీర్ఘకాలపు నొప్పి నూటికి 10 మొదలు 12 మందికిఁ గలుగుననియు, కాలక్రమమునఁ దగ్గుననియుఁ జెప్పుచున్నవి.

వైద్యుఁడు మొదట నాడినొప్పికి మాత్ర లిచ్చెను. పిదప నాడి చెంత మత్తుమందు సూదితో నెక్కించెను. నొప్పి యడఁగుటచే నపరాధి యే నాడియో తెలిసెను. ఇట్టి సూదులకును లొంగనివారికిఁ గడపట నాడిని ఖండింతురు. అపుడు మొద్దుదనము మిగులును. నా కంత యక్కఱ కలుగలేదు. నేఁడు పంచె సుఖముగాఁ గట్టుకొనుచున్నాను.

ఇది విని శస్త్రచికిత్సకు జంకవలదు. ప్రేగు సందులోఁ జిక్కి రక్తప్రసారము నిలిచినచోఁ బ్రాణమునకే ముప్పు. చికిత్సకు ముందే నాడులనుగూర్చి యడుగుఁడు. తరువాత నొప్పి యున్నచో దాఁపక చెప్పుఁడు. నేను మౌనముగాఁ గడపిన యైదు నెలలు మీకు రాకుండుఁ గాక.

సెలవు.