నియమగిరి నెత్తిన ఏముంది?

గుణుపురంలో వంశధార పక్కన కొన్ని తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలు మావి. వేసవిలో నది సన్నబడినా, వానాకాలంలో మట్టినీళ్లతో పొంగినా మా మాటలు ఎగువనున్న నియమగిరి వైపు మళ్లుతాయి. ఈ మధ్య మా సంఘం సమావేశంలోనూ అదే జరిగింది. "అంత ఖనిజం కొండ మీద ఊరికే పడి ఉంది" అన్నారొకరు. "కొండ తవ్వితే మన నది ఏమవుతుంది?" అన్నారింకొకరు. మొదటి ఆయన కొడుకు అల్యూమినియం పరిశ్రమలో పని చేస్తున్నాడు. రెండో ఆయనకు నది పక్కన వరి మడులున్నాయి. మాటా మాటా పెరిగింది. అప్పుడు కాలేజీ కుర్రాడొకడు లేచి, "తాతగారూ, ఇంతకీ ఆ కొండ మీదున్నది ఏమిటి? అక్కడికి ఎలా వచ్చింది?" అని అడిగాడు. గట్టిగా వాదించుకున్న మాలో ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు.

ఆ తర్వాత చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం. ఎవరి పక్షమూ పట్టడానికి కాదు. వాదించుకునే ముందు ఆ రాయి సంగతి అందరికీ తెలిసి ఉంటే మంచిదని.

కొండ మీద ఉన్నది లోహం కాదు

నియమగిరి వరస రాయగడ, కలహండి జిల్లాల సరిహద్దులో ఉంది. ఎత్తయిన శిఖరాలు 1,500 మీటర్లు దాటుతాయి. డొంగ్రియా కోంధులకు అది నియమరాజు ఉండే చోటు. గనికోసం అడిగింది ఆ వరసలో బల్లపరుపుగా ఉన్న ఒక కొండ నెత్తిని. అందుకు కావలసిన అటవీ భూమి సుమారు 660 హెక్టార్లు. అక్కడున్న బాక్సైట్ 7 కోట్ల టన్నులకు పైనే అని అంచనా.

బాక్సైట్ అంటే అల్యూమినియం ముడిఖనిజం. అయితే అది మెరిసే రాయి కాదు. ఎరుపు, గోధుమ రంగులు కలిసి, చిన్న చిన్న బెజ్జాలతో ఉంటుంది. తెలియనివాళ్లు చూస్తే రోడ్డు మీద పోసే ఎర్ర గ్రావెల్ అనుకుంటారు. ఒక టన్ను అల్యూమినా తీయాలంటే సుమారు మూడు టన్నుల బాక్సైట్ కావాలి. రెండు టన్నుల అల్యూమినా నుంచి ఒక టన్ను లోహం వస్తుంది. ఆ లోహం తీయడానికి టన్నుకు 13 వేల యూనిట్లకు పైగా కరెంటు ఖర్చవుతుంది.

కోంధుల పేరు పెట్టుకున్న రాయి

బాక్సైట్ కింద ఉన్న అసలు రాయి పేరు ఖొండలైట్. భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన టి.ఎల్. వాకర్ కలహండి సంస్థానంలోని రాళ్ల మీద 1902లో రాసిన పుస్తకంలో, ఇక్కడి ఖోండుల పేరునే ఈ రాయికి పెట్టారు. ప్రపంచంలో ఎక్కడ ఈ రాయి కనిపించినా ఇప్పుడు ఆ పేరుతోనే పిలుస్తారు.

ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బంకమట్టి, ఇసుకే దీనికి మూలం. భూమి పొరలు ఒకదాన్నొకటి నెట్టుకున్నప్పుడు అవి 20 కిలోమీటర్లకు మించిన లోతుకు దిగి, 800 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికి, సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట కొత్త రాయిగా మారాయి. అందులో ఎర్రని గార్నెట్ గింజలు, పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, సిల్లిమనైట్, అక్కడక్కడ పెన్సిల్ ములుకులో వాడే గ్రాఫైట్ ఉంటాయి. మొదటి బంకమట్టిలోనే అల్యూమినియం ఎక్కువ కాబట్టి ఈ రాయిలోనూ అది ఎక్కువే.

సింహాచలం కొండదీ, విశాఖ కైలాసగిరిదీ ఈ రాయే. పూరీ జగన్నాథుని గుడిలోనూ, కోణార్కలోనూ వాడింది కూడా ఇదే. కోణార్క శిల్పాల ముక్కూ మొహమూ అరిగిపోయి ఉండటం మనలో చాలామంది చూశాం. వానకూ గాలికీ తొందరగా లొంగిపోవడం ఖొండలైట్ గుణం. గుడికి చేటు చేసిన ఆ గుణమే కొండ మీద బాక్సైటును తయారు చేసింది.

వాన వడకట్టగా మిగిలిన పిప్పి

కాఫీ ఫిల్టర్‌లో పొడి వేసి వేడినీళ్లు పోస్తే, కరిగేదంతా కిందికి దిగుతుంది. కరగనిది పైన పిప్పిగా మిగులుతుంది. కొండ మీద జరిగిందీ అటువంటిదే.

వాననీరు గాలిలోనుంచీ, కుళ్లిన ఆకులలోనుంచీ బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కాస్త ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు రాతిలోకి ఇంకినప్పుడు సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం ముందుగా కరిగిపోతాయి. రాయి బంకమట్టిగా మారుతుంది. ఇంకా ఇంకా కడిగితే ఇసుకకు మూలమైన సిలికా కూడా మెల్లగా వెళ్లిపోతుంది. అల్యూమినియం, ఇనుము మాత్రం ఆ నీటిలో దాదాపు కరగవు. అల్యూమినియం గిబ్సైట్ అనే ఖనిజంగా మిగులుతుంది. ఇనుము తుప్పుగా మిగిలి దానికి ఎర్రరంగు పూస్తుంది. కరిగిన పదార్థం ఉన్నచోట బెజ్జాలు మిగులుతాయి. ఇదంతా కోట్ల ఏళ్ల పని.

అలాగైతే మన పొలాల్లో బాక్సైట్ ఎందుకు లేదు? పల్లంలో నీరు నిలుస్తుంది. కరిగిన సిలికా బయటికి పోయే దారి ఉండదు కనుక బంకమట్టి దగ్గరే పని ఆగిపోతుంది. ఏటవాలు కొండ మీద వాన జారిపోతుంది, మెత్తబడిన మట్టినీ తీసుకుపోతుంది. నెత్తి చదునుగా ఉండి నీరు ఇంకాలి, చుట్టూ లోతైన లోయలుండి ఇంకిన నీరు బయటికి పోవాలి. ఈ రెండూ కుదిరిన చోటే బాక్సైట్ మందంగా తయారవుతుంది. తూర్పు కనుమల్లో ఇది కొండ నెత్తుల మీద టోపీల్లా కనిపించేది అందుకే.

ఆ టోపీలో పైన పలచని మట్టి, గడ్డి ఉంటాయి. దాని కింద గట్టి లేటరైట్ పెంకు, ఆ కింద చాలా చోట్ల పది నుంచి ఇరవై మీటర్ల బాక్సైట్. ఇంకా కిందికి పోతే సగం మారిన రాయీ బంకమట్టీ, అన్నిటికన్నా అడుగున పచ్చి ఖొండలైట్.

ఆ బెజ్జాల్లోనే నీళ్లు

మా వాదన అంతా ఈ పొర దగ్గరికే వస్తుంది. బాక్సైట్, లేటరైట్ బెజ్జాల్లోకీ పగుళ్లలోకీ వాన ఇంకుతుంది. కింద బంకమట్టి అడ్డుపడిన చోట పక్కకు పారి, కొండ అంచున ఊటగా బయటికి వస్తుంది. ఊటలు కలిసి గెడ్డలవుతాయి. వానలు వెనకబట్టాక కూడా కొన్ని గెడ్డలు పారుతున్నాయంటే ఈ నిల్వ వల్లే. ఈ ప్రాంతంలో పుట్టిన వంశధార గుణుపురం మీదుగా శ్రీకాకుళం జిల్లాలోకి దిగి, గొట్టా బ్యారేజీ దాటి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది.

అంటే ఖనిజం ఒక చోట, నీళ్లు ఇంకొక చోట లేవు. రెండూ ఒకే పొరలో ఉన్నాయి. మా సమావేశంలో ఆ ఇద్దరు పెద్దలు మాట్లాడింది రెండు వేరువేరు ఆస్తుల గురించి కాదు, ఒకే రాయి గురించి.

ఆ పొర తీసేస్తే ఏమవుతుందన్న దానిమీద నిపుణులే ఒక మాట మీద లేరు. నీటి నిల్వ పోయి ఊటలు తగ్గుతాయని కొందరు అంటారు. కింది పొరలు ఉంటాయి, గోతులు పూడ్చి మొక్కలు పెంచితే నీరు ఇంకుతూనే ఉంటుందని మరికొందరు అంటారు. వంశధార నీళ్లన్నీ ఈ ఒక్క కొండవే అనడమూ తప్పే, దానికి ఉపనదులు చాలా ఉన్నాయి. ఒక్కటి మాత్రం నిజం. పూడ్చిన మట్టి మట్టే. కోట్ల ఏళ్ల వాన చేసిన బెజ్జాల రాయిని ఎవరూ తిరిగి పెట్టలేరు.

ఇప్పటిదాకా జరిగింది

తూర్పు కనుమల బాక్సైట్ పెద్ద ఎత్తున బయటపడింది 1970లలో. అదే రకం నిక్షేపాన్ని కోరాపుట్ జిల్లా పంచపట్మలి మీద నాల్కో 1980ల నుంచి తవ్వుతోంది. మన్యంలో గాలికొండ, జెర్రెల కొండల మీదున్నదీ ఈ తరహాదే, దాన్ని తవ్వలేదు. నియమగిరి కింద లాంజిగఢ్‌లో వేదాంత అల్యూమినా కర్మాగారం కట్టింది గానీ, గనికి అటవీ అనుమతి 2010లో నిరాకరించారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఈ విషయం గ్రామసభలు తేల్చాలంది. రాయగడ జిల్లాలో 7, కలహండిలో 5, మొత్తం 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. 2014లో కేంద్రం కూడా కాదంది. ఖనిజం లేక 2012 డిసెంబరులో మూతపడ్డ కర్మాగారం, 2013లో బయటి బాక్సైటుతో మళ్లీ మొదలైంది. అక్కడి ఉద్యోగాలు ఈ ఒక్క కొండ మీదే ఆధారపడలేదని దీనివల్ల తెలుస్తోంది.

ఆ కుర్రాడికి మేము చెప్పిన జవాబు ఇదే: బాబూ, కొండలో ఎవరో దాచిన నిధి లేదు. వాన తీసుకుపోగా మిగిలింది ఉంది. తవ్వకపోతే అది ఎక్కడికీ పోదు. తవ్వితే తిరిగి రాదు. ఈ తేడా గుర్తుపెట్టుకొని, ఆ తర్వాత ఎంతైనా వాదించుకోవచ్చు.

ఒక విన్నపం. ఎగువ ఊర్లలో వ్యాపారానికో ఉద్యోగానికో తిరిగిన పెద్దలు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. ఏ గెడ్డ ఏ నెల వరకు పారేది, ఏ ఊట ఎండలో కూడా ఆగేది కాదు అన్నది వారికి గుర్తుంటుంది. అడిగి, ఊరి పేరుతో సహా రాసి మా సంఘానికి ఇవ్వండి. ఆ వివరాలన్నీ ఒక పుస్తకంలో ఎక్కించి ఉంచుతాం.