చక్రంగా మారిన రంపం

దుంగ మీద ఒకడు, గుంతలో ఒకడు. పైవాడు రంపాన్ని ఎత్తాలి, కిందివాడు లాగాలి. కోత పడేది కిందికి లాగినప్పుడే; ఎత్తడానికి పడ్డ కష్టమంతా ఉత్తదే. పైగా కిందివాడి కళ్ళనిండా రంపప్పొట్టు. యంత్రాలు రాకముందు చాలా దేశాల్లో దుంగలు పలకలైంది ఇలాగే. మనవాళ్ళు తీరని బాధను ‘రంపపు కోత’ అన్నది ఊరికే కాదు.

వృథా పోయే ఆ సగం కష్టాన్ని తప్పించాలంటే రంపం ముందుకూ వెనక్కీ ఆడకూడదు, ఒకే దిక్కున తిరుగుతూ ఉండాలి. ఈ ఆలోచన మొదట ఎవరికి తట్టిందన్నది తేలని తగువు. ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో తెరచాపలు కుట్టే శామ్యూల్ మిల్లర్ 1777లో పేటెంటు తీసుకున్నాడు. కానీ అందులో గుండ్రటి రంపం ప్రస్తావన, అప్పటికే నలుగురికీ తెలిసిన వస్తువు అన్నట్టుగా వచ్చిపోతుంది. అదే ఊళ్ళో వాల్టర్ టేలర్ నౌకాదళానికి చెక్క కప్పీలు చేసి ఇస్తూ అలాంటి రంపాలు వాడాడు. అమెరికాలో ఈ ఘనతను మసాచుసెట్స్‌కు చెందిన టబితా బాబిట్‌కు కట్టబెడతారు. ఆమె షేకర్ అనే మతసమాజంలో నూలు వడికే స్త్రీ. ఇద్దరు మనుషులు రంపం లాగుతుంటే చూసి, పళ్ళు కోసిన రేకు బిళ్ళను తన రాట్నానికి తగిలించి తిప్పిందనీ, అది 1813 ప్రాంతంలో జరిగిందనీ చెబుతారు. కథ అందంగానే ఉంది, ఆధారాలే పలచన.

ఎవరు కనిపెట్టినా, తర్వాత వందేళ్ళకు పైగా ఈ రంపం బల్లకో చట్రానికో బిగించే ఉండిపోయింది. చెక్కే రంపం దగ్గరికి నడిచి వెళ్ళేది. అది తారుమారైంది చెరకు తోటలో.

1920ల తొలినాళ్ళలో న్యూ ఆర్లీన్స్ వాసి ఎడ్మండ్ మిషెల్, కూలీలు కత్తులతో చెరకు నరుకుతుంటే చూశాడు. ఆ కత్తికి ఒక చిన్న మోటారు, దాని కొసన ఒక బుల్లి రంపపు బిళ్ళ పెడితే ఎలా ఉంటుందని ప్రయత్నించాడు. చెరకు సంగతేమో గానీ, ఆ ఊహ వడ్రంగులకు పనికొచ్చింది. జోసెఫ్ సలివన్ అతనితో చేతులు కలపడంతో 1924లో చేత్తో పట్టుకుని నడిపే కరెంటు రంపం బజారుకొచ్చింది. ఆ రంపాలకు వచ్చిన ‘స్కిల్‌సా’ అన్న పేరు అమెరికాలో ఎంతగా నాటుకుందంటే, ఏ కంపెనీ రంపాన్నయినా చాలామంది ఆ పేరుతోనే పిలుస్తారు. ఇక అక్కణ్ణుంచి రంపమే చెక్క దగ్గరికి నడిచింది. దాన్ని పట్టుకున్న చెయ్యి మాత్రం బ్లేడుకు జానెడు దూరంలోకి వచ్చింది.

ఆ జానెడులో ఏం జరుగుతోందో చూద్దాం. ఇప్పుడు మామూలుగా దొరికే రంపం బ్లేడు అడ్డకొలత 185 మిల్లీమీటర్లు. నిమిషానికి 5,000 చుట్లు తిరిగితే పళ్ళ వేగం గంటకు 170 కిలోమీటర్లు దాటుతుంది. 24 పళ్ళ బ్లేడయితే సెకనుకు 2,000 పళ్ళు చెక్కను గీరుతాయి. అడుగున పళ్ళు ముందుకు వెళతాయి, ముందువైపు పైకి లేస్తాయి. కొత్తగా రంపం పట్టినవాడు మొదట గుర్తుపెట్టుకోవాల్సింది ఈ దిశనే. జాగ్రత్తలు చాలావరకు దీన్నుంచి పుట్టినవే.

పళ్ళు పైకి లేస్తూ చెక్కను వదులుతాయి కాబట్టి పెచ్చులు ఊడేది పైముఖాన. అందుకే మైకా ఉన్న, మెరుగు పెట్టిన వైపును కిందికి తిప్పి కోస్తారు.

అంతకంటే పెద్ద సంగతి, రంపం వెనక్కి తన్నడం. పలకను రెండు స్టూళ్ళ మీద పెట్టి నడిమధ్యన కోస్తే ఏమవుతుంది? కోత సగం దాటేసరికి పలక నడుము వంగుతుంది, కోత నోరు మూసుకుంటుంది, బ్లేడును రెండువైపులా బిగబడుతుంది. కోయడానికి దారిలేని బ్లేడు అప్పుడు బండి చక్రమైపోతుంది. చెక్కను రోడ్డులా పట్టుకుని, రంపాన్నంతా కోసేవాడి మీదికే దొర్లిస్తుంది. రెప్పపాటు కూడా పట్టదు. కాబట్టి పలకను కోతకు రెండు పక్కలా ఆనించాలి, లేదా తెగిపడే కొస ఒకవైపు స్వేచ్ఛగా జారేటట్టు ఉంచాలి. బ్లేడుకు సూటిగా వెనక నిలబడకుండా కాస్త పక్కకు జరగాలి. బ్లేడు చెక్క కిందికి అర సెంటీమీటరు దిగితే చాలు; పూర్తిగా దించితే, అడుగున ఏం తగిలినా తెగుతుంది. గీత తప్పితే తిరుగుతున్న రంపాన్ని మెలిపెట్టి సరిచేయకూడదు. స్విచ్చి వదలాలి, బ్లేడు ఆగాలి, వెనక్కి తీసి మళ్ళీ మొదలుపెట్టాలి.

బ్లేడును కప్పే కింది గార్డు ఈ యంత్రానికి కనురెప్ప. స్ప్రింగుతో పనిచేస్తుంది. చెక్క తగలగానే వెనక్కి జరుగుతుంది, కోత అయిపోగానే టక్కున మూసుకుంటుంది. జిగురో పొట్టో పట్టి బిగుసుకుంటే సగం తెరుచుకునే ఉండిపోతుంది. ప్లగ్గు పీకి, వేలితో ఒకసారి తెరిచి వదిలి చూస్తే తెలిసిపోతుంది. పనికి అడ్డమొస్తోందని దానికి చీలిక దోపి తెరిచిపెట్టే అలవాటు కొందరికుంది. అలాంటి రంపాన్ని నేల మీద పెడితే ఇంకా తిరుగుతున్న బ్లేడు నేలనో పాదాన్నో వెతుక్కుంటుంది.

మన ఊళ్ళలో మరో చిక్కుంది. ఇళ్ళ పనుల దగ్గర చాలామంది వడ్రంగులు వాడేది ఈ రంపాన్ని కాదు, రాళ్ళూ టైల్సూ కోసే 4 అంగుళాల మార్బుల్ కట్టర్‌ని. రాతి బిళ్ళ తీసి పళ్ళ బ్లేడు తగిలిస్తారు. తేలిక, చవక. కానీ దాని వేగం నిమిషానికి 12,000 చుట్లకు పైమాటే, మూసుకునే కింది గార్డు ఉండదు. రెప్ప లేని కన్నన్నమాట. భుజాన వేలాడే తువ్వాలు, వదులు చొక్కా, బ్లేడుకు చిక్కే వదులు గ్లౌజులు దీని దగ్గర మరీ ప్రమాదం.

చర్మం తగిలిన క్షణంలోనే ఆగే రంపం లేదా? ఉంది. 1999లో స్టీఫెన్ గాస్ అనే అమెరికన్ బ్లేడులో సన్నటి విద్యుత్ సంకేతాన్ని నిలిపాడు. ఒంట్లో కరెంటు పారుతుంది కాబట్టి వేలు తగలగానే ఆ సంకేతం మారుతుంది. వెంటనే అల్యూమినియం దిమ్మ ఒకటి బ్లేడు పళ్ళలోకి దూసుకెళ్ళి 5 మిల్లీసెకన్లలో దాన్ని ఆపేస్తుంది. వేలికి బదులు సాసేజి పెట్టి చూపిస్తే దానికి గాటు పడిందంతే. అయితే ఆ ఏర్పాటు బల్ల రంపాల కోసం.

చేతి రంపం దగ్గర ఆ పని ఇప్పటికీ చేతులదే. ఒకటి వెనక పిడి మీద, రెండోది ముందు పిడి మీద. పనికిరాని ప్లైవుడ్డు ముక్క ఒకటి బల్లకు బిగించి ఉంది. కళ్ళద్దాలు పెట్టుకున్నాక, పని నేర్చుకుంటున్న ఒక కొత్త కుర్రాడు స్విచ్చి నొక్కాడు. బ్లేడు పూర్తి వేగం అందుకునేదాకా చెక్కకు తాకించలేదు. తొలి కోత కాస్త వంకరగా వచ్చింది. స్విచ్చి వదిలాక బ్లేడు ఇంకా కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంది. రంపాన్ని అతను కింద పెట్టలేదు, అలాగే పట్టుకుని ఆ చప్పుడు ఆగేదాకా నిలబడ్డాడు.