వినడానికి ఎంత శబ్దం కావాలి?

రాత్రి పది దాటిన తరువాత అపార్ట్‌మెంటులో స్పీకర్లు మ్రోగిస్తే ఇరుగుపొరుగులకు ఇబ్బంది. అందుచేత సంగీతప్రియులైన ప్రవాసాంధ్రులు హెడ్‌ఫోన్లను ఆశ్రయించడం సహజమే. అయితే వందల డాలర్లు పోసి మేలురకం హెడ్‌ఫోన్లు కొని, చేతిలోని ఫోనుకు తగిలించి, తక్కువ స్థాయిలో రికార్డు చేసిన ఏ వీణ కచేరీయో పెట్టుకుని, “ఇంతేనా?” అని నిరాశపడేవారు కద్దు. లోపం సాధారణంగా హెడ్‌ఫోన్లలో ఉండదు. వాటిని నడిపే ఆంప్లిఫయరులో ఉంటుంది. తగిన ఆంప్లిఫయరు అమరిన తరువాత దానికంటె ముఖ్యమైన రెండవ ప్రశ్న ఎదురవుతుంది. ఆ శక్తిలో చెవి భరించగలిగినది ఎంత?

నథానియల్ బాల్డ్విన్ అనే అమెరికను 1910 ప్రాంతంలో యూటా రాష్ట్రంలో తయారుచేసిన హెడ్‌ఫోన్లను మొదట కొన్నది నౌకాదళం. సంగీతం కోసం స్టీరియో హెడ్‌ఫోన్లను జాన్ కాస్ 1958లో మిల్వాకీలో రూపొందించాడు. 1968లో జర్మనీకి చెందిన సెన్‌హైజర్ సంస్థ వెనుకవైపు తెరచి ఉండే హెడ్‌ఫోన్లను ప్రవేశపెట్టింది. అదే సంస్థ 1997లో విడుదల చేసిన హెచ్.డి. 600ను సంగీతాభిమానులు నేటికీ ఆదరిస్తున్నారు. దాని ఇంపెడెన్సు 300 ఓములు. మామూలు చిన్న హెడ్‌ఫోన్లకు అది 16 నుండి 32 ఓముల వరకు మాత్రమే ఉంటుంది.

అంకెలు చెప్పే కథ

హెడ్‌ఫోన్ల పెట్టెమీద రెండు అంకెలు చూడవలసి ఉంటుంది. విద్యుత్ప్రవాహానికి అవి కలిగించే అవరోధమే ఇంపెడెన్సు. ఒక మిల్లీవాటు శక్తికి ఎన్ని డెసిబెళ్ల శబ్దం పుడుతుందో తెలిపేది సెన్సిటివిటీ. డెసిబెళ్లది కూడికల లెక్క కాదు, గుణకారాల లెక్క. 3 డెసిబెళ్లు పెరగాలంటే శక్తి రెండింతలు కావాలి. 10 పెరగాలంటే పదింతలు. 20 పెరగాలంటే నూరింతలు. చెవికి మాత్రం 10 డెసిబెళ్ల పెరుగుదల సుమారు రెట్టింపుగా తోస్తుంది.

ఉదాహరణకు 300 ఓముల ఇంపెడెన్సు, మిల్లీవాటుకు 97 డెసిబెళ్ల సెన్సిటివిటీ గల హెడ్‌ఫోన్లను తీసుకొందాం. 75 డెసిబెళ్ల సగటు స్థాయిలో వినడానికి మిల్లీవాటులో నూటయాభయ్యవ వంతు చాలును! కాని సంగీతం ఒకే మట్టంలో సాగదు. మృదంగం మీద పడే ఒక్క దెబ్బ సగటుకంటె 20 డెసిబెళ్లు పైకి లేవవచ్చు. క్షణికమైన అటువంటి శిఖరాలకు 110 డెసిబెళ్ల వరకు అవకాశం ఉంచితే 20 మిల్లీవాట్లు కావాలి. అంటే 300 ఓముల దగ్గర సుమారు 2.45 ఓల్టులు, 8 మిల్లీఆంపియర్లు. అదే సెన్సిటివిటీ గల 32 ఓముల హెడ్‌ఫోన్లకు 0.8 ఓల్టు చాలును గాని, ప్రవాహం 25 మిల్లీఆంపియర్లు ఉండాలి. మొదటిది ఓల్టేజిని కోరుతుంది. రెండవది ప్రవాహాన్ని కోరుతుంది.

ఒక ఓల్టు మాత్రమే ఇవ్వగల ఫోను పైన చెప్పిన 300 ఓముల హెడ్‌ఫోన్లలో 102 డెసిబెళ్ల శిఖరాన్ని అందుకోగలదు. నేటి సినిమా పాటలు చాలావరకు హెచ్చు స్థాయిలోనే రికార్డవుతాయి కనుక వాటికి అది చాలును. హెచ్చుతగ్గులు ఎక్కువగా ఉండి, సగటు తక్కువగా ఉన్న కచేరీల దగ్గరనే కొరత తెలుస్తుంది. ఇక పలుచని పొరను అయస్కాంతాల నడుమ కదిలించే ప్లేనార్ రకాలలో కొన్నింటి సెన్సిటివిటీ 84 డెసిబెళ్లే. 50 ఓముల అటువంటి హెడ్‌ఫోన్లకు అదే 110 డెసిబెళ్ల కోసం 400 మిల్లీవాట్లు, సుమారు 4.5 ఓల్టులు కావాలి. కనుక కొనవలసినది ఎక్కువ వాట్ల పెట్టె కాదు, తన హెడ్‌ఫోన్ల లెక్కకు సరిపోయే పెట్టె.

కంటికి కనబడని నిరోధం

ఆంప్లిఫయరుకు లోపల కూడ కొంత నిరోధం ఉంటుంది. ఓల్టేజిని అది, హెడ్‌ఫోన్లు పంచుకొంటాయి. 300 ఓములని వ్రాసి ఉన్న హెడ్‌ఫోన్ల ఇంపెడెన్సు మంద్రస్వరాల దగ్గర 500 ఓములు దాటవచ్చు. ఆంప్లిఫయరులోని నిరోధం 120 ఓములైతే ఆ స్వరాలు ఒక డెసిబెల్‌కు పైగా ఉబ్బుతాయి. కొందరికి అది ఇంపుగానే ఉండవచ్చు గాని, రికార్డులో ఉన్నది అది కాదు. ఈ నిరోధం హెడ్‌ఫోన్ల ఇంపెడెన్సులో ఎనిమిదవ వంతుకు మించకపోవడం మంచిదని ఒక ఆచరణ సూత్రం.

శక్తి మరీ ఎక్కువైనా చిక్కే. మీట కొద్దిగా తిప్పగానే శబ్దం హోరెత్తితే, ఆ తొలి భాగంలో కుడిఎడమల సమతూకం చెడే అవకాశం ఉన్నది. గెయిన్ తగ్గించే స్విచ్చి ఉన్న ఆంప్లిఫయరు ఇందుకు ఉపకరిస్తుంది.

రెండు ఆంప్లిఫయర్లను పోల్చేటప్పుడు రెండింటి శబ్దస్థాయిని ఓల్టుమీటరుతో సమం చేయాలి. లేకుంటే కొంచెం బిగ్గరగా మ్రోగినదే మేలైనదిగా తోస్తుంది. అంగడిలో చాలామంది మోసపోయేది ఇక్కడనే.

చెవికి హద్దు

తక్కువ స్థాయిలో మంద్రస్వరాలు చెవికి మరింత తక్కువగా వినిపిస్తాయని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు 1933లో నిరూపించారు. ఆ నిండుదనం కోసమే మనిషి మీటను పైకి తిప్పుతాడు. చెవి ఆ స్థాయికి అలవాటు పడుతుంది, మళ్లీ తిప్పుతాడు. లోపలిచెవిలో ధ్వనిని గ్రహించే సూక్ష్మరోమకణాలు సుమారు పదిహేను వేలు. నశించినవి మనుష్యులలో తిరిగి మొలవవు.

అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం రోజుకు 85 డెసిబెళ్లు ఎనిమిది గంటల వరకు హద్దు. ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకూ కాలం సగమవుతుంది. 94 దగ్గర గంట. 100 దగ్గర పదిహేను నిమిషాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 40 గంటలు 80 డెసిబెళ్లను, పిల్లలకు 75ను హద్దుగా సూచించింది.

తాను వింటున్న స్థాయిని తెలుసుకొనడానికి చిన్న ఉపాయమున్నది. పైన చెప్పిన 300 ఓముల హెడ్‌ఫోన్లకు 0.55 ఓల్టు అందితే 97 డెసిబెళ్లు. ఓల్టేజి అందులో పదవ వంతైతే, అనగా 0.055 ఓల్టైతే, 77 డెసిబెళ్లు. సంగీతం సాగుతుండగా మీటరు ముల్లు ఊగినా, సగటు అంకె చూస్తే అంచనా దొరుకుతుంది. మీటరు లేనివారు నిశ్శబ్దమైన గదిలో మీటను సున్న నుండి మెల్లగా తిప్పి, పాట స్పష్టమైన చోట ఆపి, ఆపైన తిప్పకుండా ఉండడం మేలు. విమానపు హోరులో బయటి శబ్దాన్ని అడ్డగించే హెడ్‌ఫోన్లు వాడడం మరింత మేలు.

విన్న తరువాత చెవిలో గింగురుమన్నా, దూది పెట్టినట్లున్నా ఆనాటి స్థాయి ఎక్కువైనదని అర్థం. శబ్దం వల్ల కలిగే నష్టం మొదట ఎక్కువ పౌనఃపున్యాల దగ్గరే మొదలవుతుంది. స, శ వంటి అక్షరాలు మసకబారుతాయి. మనుమరాలు ఏదో చెబుతుంది. తాతగారికి మాట వినబడుతుంది గాని అర్థం కాదు. మంచి ఆంప్లిఫయరు పాడైతే మరొకటి కొనవచ్చును. చెవికి ఆ సదుపాయం లేదు.