మూడు చక్రముల బండికి ఎంత ఇంజను?

ద్విచక్ర వాహనమును మూడు చక్రముల బండిగా మార్పించుకొనదలచినవారు మెకానిక్కును మొట్టమొదట అడుగు ప్రశ్న, “ఎన్ని సి.సి. ఇంజను కావలెను?” అనునది. చక్రములు పెరిగినవి, బరువు పెరిగినది, కనుక ఇంజను కూడ పెద్దదే కావలెనని తోచుట సహజము. ఈ తలంపు ఎంతవరకు నిజమో లెక్కవేసి చూచినగాని తెలియదు. ఆ లెక్కలో కొందరి జీవనోపాధియు, ప్రాణభద్రతయు ఇమిడియున్నవి.

నెల్లూరు జిల్లా పడమటి భాగమున, వెలిగొండల చేరువనున్న ఉదయగిరి కొయ్యచెంచాలకును, గరిటెలకును పేరుపొందినది. అట్టి పనివాడొకడు, పోలియోవలన కాళ్లు చచ్చుబడినవాడు, తాను చెక్కిన సరకును తానే ఆత్మకూరుకు తీసికొనిపోయి అమ్ముకొనదలచినాడని అనుకొందము. బస్సు ఎక్కుటకు ఒకరి సాయము, దిగుటకు మరియొకరి సాయము కావలెను. సొంత బండి యున్నచో అతడు ఎవరికొరకును ఎదురుచూడనక్కరలేదు. అతనికి ఎంత ఇంజను చాలును?

సి.సి. అనగా ఘన సెంటీమీటరు. ఇంజనులో పిస్టను ఒక కొసనుండి రెండవ కొసకు కదలునప్పుడు ఎంత చోటును ఆక్రమించి పోవునో దాని కొలత యిది. 110 సి.సి. అనగా ఇంచుమించు చిన్న టీ గ్లాసెడు చోటు. ఇంజను ఒక్క గుక్కలో ఎంత గాలిని, పెట్రోలు ఆవిరిని తీసికొనగలదో దీనివలన తెలియును. బండి ఎంత బరువును లాగునో దీనివలన మాత్రమే తేలదు. పొడుగు గునపము చేతనున్నచో ఒక్క మనిషి పెద్దరాతిని కదల్చగలడు. కాని రాయి కదలునది కొంచెమే. బండికి గేర్లు అట్టి గునపములు. వేగమును తగ్గించుకొన్నంత మేరకు లాగుబలము పెరుగును.

ఇక లెక్కకు వత్తము. స్కూటరు బరువు 110 కిలోలు, అదనపు చక్రములును చట్రమును 40, మనిషి 60, సరకు 20. మొత్తము 230 కిలోలు. పది గజములు పోవుసరికి ఒక గజము పైకెక్కు దారి యెదురైనదనుకొందము. రహదారులమీద అంతటి యెక్కుడు అరుదు. అయినను కష్టమైన లెక్కయే వేసికొనుట మంచిది. ఆ బరువును పైకి లాగుటకు 23 కిలోల బలము, చక్రముల దొర్లుడు నిరోధమునకు సుమారు 5 కిలోలు, వెరసి 28 కిలోల బలము కావలెను. గంటకు 20 కిలోమీటర్ల వేగమున పోవుటకు ఇది రమారమి రెండు అశ్వశక్తులు. 110 సి.సి. స్కూటరు ఇంజను ఏడెనిమిది అశ్వశక్తుల నీయగలదు. బెల్టులో కొంత నష్టమైనను, మిగిలినది చాలినంతకంటె ఎక్కువయే.

ఆ పనివానికి స్కూటరు మేలగుటకు మరియొక కారణము కలదు. మోటారుసైకిలుకు గేరును, వెనుక బ్రేకును కాలితో నడుపవలెను. గేరు మార్చనక్కరలేని స్కూటరుకు రెండు బ్రేకులును చేతికందును. 1984లో వచ్చిన 98 సి.సి. కైనెటిక్ హోండా మొదలు మన దేశమున అట్టి స్కూటర్లు చాలవరకు 100 నుండి 125 సి.సి. లోపుననే యున్నవి. వాటి ఇంజనును చల్లార్చుటకు లోపలనే చిన్న పంకా తిరుగుచుండును. సామాన్యపు మోటారుసైకిలు ఇంజనుకు ఎదురుగాలియే పంకా. ఆత్మకూరు వేసవి యెండలో, బరువుతో మెల్లగా ఎక్కుడు ఎక్కునప్పుడు ఎదురుగాలి చాలదు. ఇంజను పెద్దదైనకొలది వేడియు పెద్దదగును.

బరువు మిక్కిలి పెరిగినచో లెక్క మారును. బండి, సరకు, మనిషి కలిసి 800 కిలోలైనచో, అదే యెక్కుడును అదే వేగమున ఎక్కుటకు ఏడు అశ్వశక్తులు చక్రములయొద్దనే కావలెను. స్కూటరు బెల్టు దీనికి ఓర్వలేదు. జారి, కాగి, తెగిపోవును. అట్టి పనికి 200 సి.సి. గాని అంతకు మించి గాని ఇంజనును, తగిన గేర్లును, గట్టి ఇరుసును అమర్చి కర్మాగారమున తయారైన సరకుల ఆటోయే తగినది. మలుపులో బయటి చక్రము లోపలిదానికంటె ఎక్కువ దూరము తిరుగవలెను గనుక, ఒకే ఇరుసున రెండు చక్రములను నడుపు బండికి డిఫరెన్షియల్ కూడ ఉండవలెను.

పెద్ద ఇంజనులతో మూడు చక్రముల బండ్లు మన దేశమున లేకపోలేదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము మిగిలిపోయిన 750 సి.సి. హార్లే డేవిడ్సన్ మోటారుసైకిళ్లను ఢిల్లీలో ‘ఫట్‌ఫటీ’లుగా మార్చి ప్రయాణికులను చేరవేసిరి, 1998లో అవి నిలిపివేయబడినవి. గుజరాతు ‘ఛకడా’కు ముందుభాగము బుల్లెట్టు మోటారుసైకిలుదే యైనను, నిదానముగా తిరుగు డీజిలు ఇంజనును అమర్చిరి. కోరినది వేగము కాదు, లాగుబలము.

వేగమే కోరినచో ఏమగును? రెండు చక్రముల బండి మలుపులో లోపలికి వాలును. మూడు చక్రములది వాలలేదు. వెనుక చక్రముల నడుమ దూరము 90 సెంటీమీటర్లు, బరువు కేంద్రము నేలకు 70 సెంటీమీటర్ల యెత్తున, బరువులో ఐదింట రెండు పాళ్లు ముందు చక్రముపై ఉన్నచో, 20 మీటర్ల వ్యాసార్ధము గల మలుపులో గంటకు 31 కిలోమీటర్లు దాటగానే లోపలి చక్రము నేలనుండి లేచును. వేగము రెట్టింపైనచో బ్రేకులు అణచవలసిన శక్తి నాలుగు రెట్లగును. అధికమైన ఇంజను ఈ ప్రమాదములకు తోడ్పడునే గాని వాటిని తప్పింపదు.

చట్టమును గూర్చియు ఒక మాట. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నమగునట్లు యజమాని తన బండిని మార్పరాదు. విభిన్న ప్రతిభావంతుల యుపయోగమునకై మార్పుచేసిన వాహనములను 2019 నాటి సవరణ ప్రత్యేకముగా నిర్వచించినది. కావున పని మొదలిడకముందే రవాణాధికారిని సంప్రదించి, మార్పును రిజిస్ట్రేషను పత్రమునందును, బీమా పత్రమునందును వ్రాయించుకొనవలెను. అట్లు చేయనిచో ప్రమాదము జరిగిననాడు బీమా పరిహారమునకు చిక్కు రావచ్చును.

కనుక బండిని మార్పించుకొనువారు మొదట మోయవలసిన బరువును, పోవలసిన దారిని నిర్ణయించుకొనవలెను. తరువాత చక్రముల నడిమి దూరమును, బ్రేకులను, గేర్లను చూచుకొని, కడపట ఇంజనును ఎంచుకొనవలెను. ఉదయగిరి పనివానికి కావలసినది తన గంపతో ఆత్మకూరు చేరి, పొద్దుగూకులోపల క్షేమముగా ఇల్లు చేరుట. దానికి 110 సి.సి. చాలును, మిగిలిన సొమ్మును మంచి బ్రేకులకు వెచ్చించుట మేలు.